అమెరికా పౌరసత్వ పరీక్ష

అమెరికా సంయుక్త రాష్ట్రాల పౌరసత్వం కోరే విదేశీయులు ఆ దేశ చరిత్ర, ప్రభుత్వ వ్యవస్థ, పౌరుల హక్కులు, బాధ్యతల గురించి అడిగే ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పాల్సిన పరీక్ష ఇది. వాడుకలో సివిక్స్ టెస్ట్ అనీ, సిటిజన్‌షిప్ టెస్ట్ అనీ అంటారు. గ్రీన్‌కార్డు వచ్చి సాధారణంగా 5 ఏళ్లు, అమెరికా పౌరులను పెళ్లాడి వారితో కలిసి ఉంటున్నవారైతే 3 ఏళ్లు నిండాక ఎన్-400 అనే దరఖాస్తు పెట్టుకోవాలి. పౌరసత్వ, వలస సేవల సంస్థ (యూఎస్‌సీఐఎస్) అధికారి ఇంటర్వ్యూలోనే ఇంగ్లిషు, సివిక్స్ రెండూ పరీక్షిస్తారు. 2025 అక్టోబరు 20 నుంచి దాఖలైన దరఖాస్తులకు 128 ప్రశ్నల జాబితా వర్తిస్తుంది. అందులోంచి 20 దాకా అడుగుతారు. 12 సరిగా చెబితే గట్టెక్కినట్టే.

ఈ పరీక్ష ఎంత కష్టమన్న దానిపై అమెరికాలో ఏళ్ల తరబడి రెండు వాదాలున్నాయి. పరీక్షకు వచ్చినవాళ్లలో అత్యధికులు నెగ్గుతున్నారు కాబట్టి మరీ తేలికని కొందరంటారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లే తప్పుతున్నారు కాబట్టి కష్టమేనని మరికొందరంటారు. పరీక్ష చరిత్ర చూస్తే అసలు కష్టం ప్రశ్నల్లో కన్నా వాటి చుట్టూ ఉన్న షరతుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. దరఖాస్తుకు ఎవరు అర్హులు, ఏ భాషలో జవాబు చెప్పాలి, ఎవరి ముందు చెప్పాలి అన్నవే ఆ షరతులు.

పరీక్ష లేని కాలం (1790–1906)

1790 నాటి తొలి పౌరసత్వ చట్టంలో పరీక్ష ప్రస్తావనే లేదు. దరఖాస్తుదారు రెండేళ్లుగా దేశంలో ఉండాలి, మంచి నడవడిక కలవాడై ఉండాలి, రాజ్యాంగానికి కట్టుబడతానని ప్రమాణం చేయాలి. అన్నిటికీ మించి ‘స్వేచ్ఛగల శ్వేతజాతీయుడు’ అయి ఉండాలి. నివాస గడువును 1795లో 5 ఏళ్లకు, 1798లో 14 ఏళ్లకు పెంచి, 1802లో తిరిగి 5 ఏళ్లకు తెచ్చారు. సాధారణ దరఖాస్తుదారులకు నేటికీ అదే గడువు. 1870లో ఆఫ్రికా సంతతివారికి అర్హత కల్పించారు. 1882 చట్టం చైనీయులకు పౌరసత్వం ఇవ్వరాదని తేల్చిచెప్పింది.

పౌరసత్వం ఇచ్చే అధికారం అప్పట్లో కోర్టులది. ఫెడరల్ కోర్టులే కాదు, రికార్డులు నిర్వహించే స్థానిక కోర్టులూ ఇచ్చేవి. ఒక్కో కోర్టుది ఒక్కో పద్ధతి, ఒక్కో పత్రం. ఎన్నికలు దగ్గర పడితే చాలు, పార్టీల మనుషులు వలసదారులను గుంపులుగా కోర్టుకు తోలుకొచ్చి ఓటర్లుగా మార్చేవారు. ఈ అక్రమాలను అరికట్టడానికే 1906లో కొత్త చట్టం చేశారు. దేశమంతటికీ ఒకే తరహా పత్రాలు, పర్యవేక్షణకు ఒక ఫెడరల్ విభాగం ఏర్పడ్డాయి. దరఖాస్తుదారుకు ఇంగ్లిషు మాట్లాడటం రావాలన్న నిబంధన కూడా ఆ చట్టంతోనే వచ్చింది.

జడ్జి అడిగిందే ప్రశ్న (1906–1950)

దరఖాస్తుదారుకు రాజ్యాంగ సూత్రాల పట్ల నిబద్ధత ఉండాలని చట్టం చెప్పింది. దాన్ని ఎలా తేల్చాలో మాత్రం చెప్పలేదు. దాంతో జడ్జీలు, వారికి సాయపడే పరీక్షాధికారులు తమకు తోచిన ప్రశ్నలు అడిగేవారు. ఒకచోట రెండు మాటలతో పని అయిపోతే, ఇంకోచోట చరిత్ర మొత్తం తిరగేయాల్సి వచ్చేది. పబ్లిక్ స్కూళ్లలో నడిచే పౌరసత్వ తరగతుల కోసం పాఠ్యపుస్తకాలు ప్రచురించేందుకు 1918లో చట్టం అనుమతించింది. ప్రశ్నలకు మాత్రం హద్దు ఏర్పడలేదు.

సిలబస్ లేని పరీక్షకు ఎంత చదవాలో తెలియక అవస్థ పడినవారిలో గణిత తర్కశాస్త్రవేత్త కర్ట్ గోడెల్ ఒకరు. ఆస్ట్రియా నుంచి వచ్చి ప్రిన్స్‌టన్‌లో స్థిరపడిన ఆయన అమెరికా చరిత్రతో ఆగకుండా ప్రిన్స్‌టన్ ఊరి మేయరు ఎవరు, కౌన్సిల్‌ను ఎలా ఎన్నుకుంటారన్న సంగతులు కూడా కూలంకషంగా చదివారు. చదువుతూ చదువుతూ, రాజ్యాంగంలో ఒక తార్కిక లోపం ఉందనీ, దాన్ని పట్టుకుని చట్టబద్ధంగానే నియంతృత్వం తేవచ్చనీ తేల్చుకున్నారు. 1947 డిసెంబరు 5న న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో విచారణ జరిగింది. సాక్షులు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, ఆర్థికవేత్త ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్. రాజ్యాంగ లోపం సంగతి మాత్రం ఎత్తవద్దని మిత్రులిద్దరూ ముందే బతిమాలారు. అయితే జడ్జి ఫిలిప్ ఫోర్మన్ మాటల సందర్భంలో, ఆస్ట్రియాలో వచ్చినట్టు ఇక్కడ నియంతృత్వం రావడం అసాధ్యమన్న అర్థంలో అన్నారు. వస్తుందనీ, నిరూపించగలననీ గోడెల్ అందుకున్నారు. ఐన్‌స్టీన్‌కు 1940లో ప్రమాణం చేయించింది కూడా ఈ ఫోర్మనే. ఫోర్మన్ వెంటనే మాట మార్చేశారు. 1948 ఏప్రిల్‌లో గోడెల్ పౌరుడయ్యారు. మోర్గెన్‌స్టెర్న్ రాసిపెట్టుకున్న ఈ ఉదంతంలో గోడెల్ బయటపడింది జడ్జి సహృదయం వల్ల. ఎదుట మరో జడ్జి ఉంటే అదే జవాబు ఆయనకు చిక్కులు తెచ్చిపెట్టేదే.

భారతీయులకు మూసిన తలుపు

ఇంగ్లిషులో, రాజ్యాంగంలో ఎంత దిట్టలైనా భారతీయులకు ఈ పరీక్ష దాకా వెళ్లే దారే చాలాకాలం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ థిండ్ కేసులో, భారతీయులు చట్టం చెప్పే శ్వేతజాతీయుల కిందికి రారని 1923లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అప్పటికే పౌరసత్వం పొందిన పలువురు భారతీయుల నుంచి దాన్ని వెనక్కి తీసుకున్నారు. అలా పౌరసత్వం పోగొట్టుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణోదాస్ బగాయి 1928లో ఆత్మహత్య చేసుకున్నారు.

1946 జులైలో అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన లూస్-సెల్లర్ చట్టంతో భారతీయులకు పౌరసత్వ అర్హత దక్కింది. కొత్తగా వలస వచ్చేవారికి మాత్రం ఏడాదికి 100 మంది అన్న కోటా పెట్టారు. భీమవరంలో పుట్టి, అమెరికాలో ఔషధ పరిశోధనకు జీవితం ధారపోసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ ఉన్న కాలంలో అధికభాగం ఈ నిషేధం అమల్లో ఉంది. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసేనాటికి కూడా ఆయన అమెరికా పౌరుడు కాలేదు. పౌరసత్వానికి జాతి అడ్డంకిని పూర్తిగా తొలగించింది 1952 చట్టం.

చట్టంలోకి చరిత్ర పాఠం (1950–2000)

చరిత్ర, ప్రభుత్వ స్వరూపం తెలిసి ఉండాలన్న నిబంధన ప్రచ్ఛన్న యుద్ధ కాలపు భయాల్లోంచి పుట్టింది. కమ్యూనిస్టులను కట్టడి చేయడానికి ఉద్దేశించిన 1950 నాటి అంతర్గత భద్రతా చట్టంలో దాన్ని చేర్చారు. ఇంగ్లిషు మాట్లాడితే చాలన్న పాత నిబంధన స్థానంలో చదవడం, రాయడం కూడా రావాలన్నారు. 1952 చట్టం ఈ షరతులను కొనసాగించింది. ఈ రెండు చట్టాలనూ కాంగ్రెస్ ట్రూమన్ వీటోను తోసిరాజని ఆమోదించింది. పరీక్షకు మూలాధారం నేటికీ 1952 చట్టమే.

1986లో చట్టవిరుద్ధంగా ఉంటున్న లక్షలాది వలసదారులకు చట్టబద్ధత కల్పించాక, అప్పటి వలస విభాగం ఐఎన్ఎస్ పాఠ్యపుస్తకాలు వేసింది. 100 ప్రశ్నల జాబితా కూడా అందుబాటులోకి వచ్చింది. జాబితా ఒకటే అయినా పరీక్ష తీరు ఊరికో రకంగా ఉండేది. ఒక ఆఫీసులో నోటితో అడిగితే మరో ఆఫీసులో కాగితంపై రాయించేవారు. ప్రశ్నల్లో కొన్ని మరీ బడిపిల్లల స్థాయివి. జెండాలో రంగులేమిటి, నక్షత్రాలెన్ని అన్నవి అలాంటివే. పౌరసత్వానికి ఏ ఫారం నింపాలన్నది కూడా ఒక ప్రశ్న. ఆ ఫారం నింపి, ఆఫీసరు ముందుకొచ్చి కూర్చున్న మనిషినే అది అడిగేవారు. 1990 చట్టం పౌరసత్వం ఇచ్చే అధికారాన్ని కోర్టుల నుంచి ప్రభుత్వ యంత్రాంగానికి బదలాయించింది. జడ్జి కుర్చీలోకి ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు వచ్చారు.

2008 పరీక్ష

ప్రశ్నలు కంఠస్థానికే తప్ప అవగాహనకు పనికిరావన్న విమర్శలతో కొత్త పరీక్ష తయారీ మొదలైంది. 2007లో 10 నగరాల్లో ప్రయోగాత్మకంగా నడిపి, 2008 అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. జాబితాలో 100 ప్రశ్నలు. 10 దాకా అడిగితే 6 చెప్పాలి. చట్టబద్ధ పాలన అంటే ఏమిటి, సుసాన్ బి. ఆంథొనీ ఏం చేశారు, ఫెడరలిస్ట్ వ్యాసాలు రాసినవారిలో ఒకరెవరు వంటివి ఇందులో చేరాయి. ప్రశ్నలతో పాటు ఆమోదించే జవాబులనూ సంస్థే ప్రచురించింది. గవర్నరు, సెనేటర్ల పేర్లు ఉండే రాష్ట్రాన్ని బట్టి మారతాయి. రాజధాని వాషింగ్టన్ నగరవాసులు తమకు సెనేటర్లు లేరని చెబితే అదే సరైన జవాబు.

జవాబుల పట్టికపైనా వివాదాలు రేగాయి. అంతర్యుద్ధానికి దారితీసిన ఒక సమస్య చెప్పమంటే బానిసత్వం, ఆర్థిక కారణాలు, రాష్ట్రాల హక్కులు అన్న మూడింటిలో ఏది చెప్పినా మార్కు పడేది. బానిసత్వాన్ని మిగతా రెండింటితో ఒకే వరసలో నిలబెట్టడం చరిత్రకు అన్యాయమన్న విమర్శ వచ్చింది.

2020, 2025 మార్పులు

ట్రంప్ తొలి ప్రభుత్వం చివరి రోజుల్లో, 2020 డిసెంబరు 1న జాబితా 128 ప్రశ్నలకు పెరిగింది. 20 అడిగితే 12 చెప్పాలి. ఉత్తీర్ణత శాతం మునుపటిలాగే 60. అయితే ముందే 12 చెప్పేసినా మొత్తం 20 అడిగి తీరాలన్నారు. సెనేటరు ఎవరికి ప్రతినిధి అన్న ప్రశ్నకు అంతకుముందు ‘రాష్ట్రంలోని ప్రజలందరికీ’ అన్న జవాబు ఉండేది. దాన్ని ‘రాష్ట్ర పౌరులకు’ అని మార్చడం పెద్ద చర్చకు తావిచ్చింది. బైడెన్ ప్రభుత్వం రాగానే, 2021 మార్చి 1 నుంచి పాత పరీక్షకు మళ్లారు.

ట్రంప్ రెండో ప్రభుత్వం 2025లో 128 ప్రశ్నల జాబితాను తిరిగి తెచ్చింది. ఈసారి 12 ఒప్పులు గానీ 9 తప్పులు గానీ పూర్తికాగానే ప్రశ్నలు ఆపేస్తారు. ప్రశ్నలు కొంత బరువెక్కాయి. 2008 జాబితాలో ప్రభుత్వ శాఖల్లో ఒకదాని పేరు చెబితే సరిపోయేది. ఇప్పుడు మూడూ చెప్పమంటారు. తొలి 13 రాష్ట్రాల్లో మూడు చాలన్నది ఐదయింది. పదో సవరణ ఉద్దేశం, అమెరికా వియత్నాం యుద్ధంలోకి ఎందుకు దిగిందన్నవి కొత్తగా వచ్చాయి.

ఎంత కష్టం?

2008 పరీక్ష కాలంలో సంస్థ లెక్కల ప్రకారం మొదటి ఇంటర్వ్యూలోనే ఇంచుమించు 90 శాతం మంది ఇంగ్లిషు, సివిక్స్ రెండూ నెగ్గారు. తప్పిన భాగానికి 60 నుంచి 90 రోజుల్లో మరో అవకాశం ఇస్తారు. దాన్ని కలిపితే ఉత్తీర్ణత 95 శాతం దాకా వెళ్లింది.

ఇక అక్కడ పుట్టినవారి సంగతి. 2011లో న్యూస్‌వీక్ పత్రిక 1,000 మంది అమెరికన్లకు ఈ పరీక్ష పెడితే 38 శాతం తప్పారు. 2018లో ఉడ్రో విల్సన్ ఫౌండేషన్ సర్వేలో నెగ్గినవాళ్లు 36 శాతమే. ఇలాంటి ఫలితాల ప్రభావంతో స్కూలు పిల్లలకూ ఈ ప్రశ్నలు పెట్టాలన్న ఉద్యమం వచ్చింది. హైస్కూలు పట్టా కావాలంటే పౌరసత్వ పరీక్ష ప్రశ్నల్లో నెగ్గాలని 2015లో అరిజోనా తొలి చట్టం చేసింది.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి, వలసదారులకే అమెరికా గురించి ఎక్కువ తెలుసనడం తొందరపాటు. సర్వేకు జవాబిచ్చినవారు ఏమీ చదవకుండా వచ్చినవారు. దరఖాస్తుదారులు ప్రశ్నలూ జవాబులూ ముందే చేతిలో పెట్టుకుని నెలల తరబడి చదివినవారు. పైగా ధైర్యం లేనివారు అసలు దరఖాస్తే పెట్టరు. అర్హత ఉండి కూడా పౌరసత్వం తీసుకోనివారు సుమారు 90 లక్షల మంది ఉంటారని అమెరికా ప్రభుత్వ అంచనా. ఫీజు కాగితంపై దరఖాస్తుకు 760 డాలర్లు, ఆన్‌లైన్‌లో 710. రెండోసారీ తప్పితే దరఖాస్తు తిరస్కరిస్తారు, మళ్లీ పెట్టుకుంటే మళ్లీ ఫీజు. అందువల్ల ఉత్తీర్ణత శాతం చెప్పేది సాహసించి వచ్చినవారి గురించే.

అదృష్టం పాత్రా ఉంది. జాబితాలోని ప్రశ్నలన్నీ ఒకే బరువువి కావనీ, ఎవరికి ఏవి పడతాయన్నదాన్ని బట్టి కష్టం మారుతుందనీ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకురాలు పౌలా వింకీ 2011లో ప్రచురించిన అధ్యయనం చూపింది.

చాలామందిని తడబడేలా చేసేది ఇంగ్లిషు. మూడు వాక్యాల్లో ఒకటి చదవడం, మూడింటిలో ఒకటి విని రాయడం పెద్ద పని కాదు, అందులో వచ్చే మాటల జాబితా కూడా ముందే దొరుకుతుంది. మాట్లాడటాన్ని మాత్రం ఎన్-400 ఫారంలోని ప్రశ్నలతోనే అంచనా వేస్తారు. జాతిహననంలో పాల్గొన్నారా, నియంతృత్వ పార్టీలో సభ్యులా అని ఆఫీసరు ఇంగ్లిషులో అడుగుతూ పోతుంటే, ఆ మాటలు జన్మలో వినని మనిషికి 13 రాష్ట్రాల పేర్లే తేలికనిపిస్తాయి.

ఇతర దేశాలతో పోలిక

బ్రిటన్‌లో 2005లో మొదలైన ‘లైఫ్ ఇన్ ది యూకే’ పరీక్షలో 24 ప్రశ్నలకు 18 చెప్పాలి. కెనడాలో 20కి 15, జర్మనీలో 33కి 17. ఇచ్చిన జవాబుల్లోంచి ఎంచుకునే పద్ధతి అక్కడ ఉంది. అమెరికాలో జవాబు జ్ఞాపకంలోంచి తీసి నోటితో చెప్పాలి. భారతదేశంలో ఇలాంటి పరీక్షే లేదు. 1955 చట్టం ప్రకారం భారత పౌరసత్వం కోరే విదేశీయులకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదో ఒక భాష తగినంత వచ్చి ఉండాలి. తెలుగు వచ్చినా ఆ షరతు తీరుతుంది.

వయసు విషయంలో తేడా ఇంకా పెద్దది. పరీక్ష నుంచి పూర్తి మినహాయింపు కెనడాలో 55 ఏళ్లకు, ఆస్ట్రేలియాలో 60కి, బ్రిటన్‌లో 65కి వస్తుంది. అమెరికాలో వయసు ఒక్కటే చూసి మినహాయించరు, గ్రీన్‌కార్డుతో గడిపిన ఏళ్లూ లెక్కిస్తారు. 50 ఏళ్లు దాటి 20 ఏళ్లు, లేదా 55 దాటి 15 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లిషు తప్పుతుంది, సివిక్స్ సొంత భాషలో దుబాసీ సాయంతో చెప్పవచ్చు. 65 దాటి 20 ఏళ్లు ఉన్నవారికి 20 ప్రశ్నల చిన్న జాబితా ఉంటుంది. వైద్య కారణాలతో మినహాయింపు కావాలంటే డాక్టరు ధ్రువీకరించిన వేరే ఫారం పెట్టాలి.

తెలుగు కుటుంబాల్లో

2022 ఆర్థిక సంవత్సరంలో కొత్తగా అమెరికా పౌరులైన 9.69 లక్షల మందిలో దాదాపు 66 వేల మంది భారత్ నుంచి వచ్చినవారు. మెక్సికో తర్వాతి స్థానం భారత్‌దే. ఇంగ్లిషులో చదువుకుని, వీసా మీద వెళ్లి ఉద్యోగాల్లో స్థిరపడిన తెలుగువారికి ఈ పరీక్ష అడ్డంకి కాదు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు క్యూలో నిలబడటం, పౌరసత్వ ప్రమాణంతో భారత పౌరసత్వాన్ని వదులుకోవడం వారికి ఇంతకంటే పెద్ద విషయాలు.

పిల్లలు పిలిపించుకున్న తల్లిదండ్రుల లెక్క వేరు. అమెరికా పౌరుల తల్లిదండ్రుల గ్రీన్‌కార్డులకు ఏటా ఇంతమందేనన్న పరిమితి లేదు, కాబట్టి అరవైల్లో కూడా వస్తారు. 60వ ఏట గ్రీన్‌కార్డు అందుకున్న తల్లికి 65 నిండాక దరఖాస్తు పెట్టే అర్హత వస్తుంది. కానీ అప్పుడు 128 ప్రశ్నలూ ఇంగ్లిషులోనే చదువుకోవాలి. తెలుగులో జవాబు చెప్పాలంటే 75 దాకా, చిన్న జాబితా దక్కాలంటే 80 దాకా ఆగాలి. ప్రశ్నలు అవే అయినా, కొడుకు కొద్ది రోజుల్లో ముగించిన పరీక్ష తల్లికి 10 ఏళ్ల నిరీక్షణ కావచ్చు.