ఒక్క రక్తబిందువు చెప్పు లెక్క

అన్నవరమున రత్నగిరి మెట్లెక్కు యాత్రికులను కొంతసేపు గమనించినవారికి ఒక సంగతి తోచకపోదు. అరువది యేండ్లు దాటిన రైతు ఆగకుండ పైకి పోవుచుండును. అతని వెనుక వచ్చు కోడలు, ముప్పది యేండ్లు నిండని పిల్ల, నాలుగు మెట్లకొకసారి నిలిచి రొప్పుచుండును. ఎండయందురు, ఉపవాసమందురు. వ్రతము చేయువారు ఉపవాసముతో వచ్చుట వాడుకయే గనుక ఆ మాటను కాదనలేము. కాని ఆమె క్రింది కనురెప్పను లాగి చూచిన వైద్యుడు వేరొక మాట చెప్పవచ్చును. లోపలి పొర తెల్లబారుట, గోళ్ళు వెలవెలబోవుట పాండురోగ లక్షణములని మన పూర్వులెరుగుదురు. అయితే ఎంత పాలిపోయినది, ఊరిలో ఎందరికి పాలిపోయినది అను ప్రశ్నలకు కన్ను చాలదు. ఆ కొలతకై జరిగిన ప్రయత్నముల కథను శ్రోతలకు మనవి చేయుదుము.

రత్నగిరిపై స్వామి వెలసినది 1891లో. అంతకు పదుమూడేండ్ల ముందు, 1878లో, లండనులో గవర్స్ అను వైద్యుడు ఒక చిన్న గాజు గొట్టమును వైద్యసంఘము ముందుంచెను. కొలిచిన రక్తమును అందులో పోసి, ప్రక్క గొట్టములోని రంగుతో సరిపోవువరకు నీరు చేర్చుచుపోవలెను. ఎంత నీరు పట్టినదో అదియే రక్తబలమునకు కొలత. తరువాత స్విట్జర్లాండు వైద్యుడు సాలి రక్తమునకు ఆమ్లము కలిపి గోధుమరంగు తెప్పించి, గాజుపలకతో పోల్చు పద్ధతిని తెచ్చెను. మన జిల్లా ఆసుపత్రులలోను, చిన్న డిస్పెన్సరీలలోను చిరకాలము ఏలినది ఈ సాలి గొట్టమే. దాని గుణము చౌక, దోషము కన్ను. ఉదయపు వెలుతురులో ఒక అంకె, సాయంకాలము దీపము క్రింద మరియొక అంకె. ఆమ్లము కలిపి పది నిమిషములైనను ఆగవలెను. వరుసలో నలుబది మంది నిలిచియున్నప్పుడు ఆగువారెందరు?

రంగును రంగుతో పోల్చి శరీరములోని పదార్థమును కొలుచు విద్యలో మన గోదావరి సీమవాడొకడు ప్రపంచఖ్యాతి గాంచెను. 1895లో భీమవరమున పుట్టి, రాజమహేంద్రవరమున కొంత చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో హార్వర్డున ఫిస్కేతో కలిసి, రక్తములోని ఫాస్ఫరసును నీలివర్ణపు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో 1945లో తయారైన ఫోలిక్ ఆమ్లమే నేడు గర్భిణులకు ఇనుముతో కూర్చి ఇచ్చు మాత్రలో ఉన్నది. కొలతయందును, చికిత్సయందును చేయివేసిన ఇట్టివారు అరుదు.

కన్ను చేయు మోసమును తప్పించినది డ్రాబ్కిన్ ద్రావణము. రక్తములోని హెమోగ్లోబిన్‌నంతను నిలకడగల ఒకే వర్ణద్రవ్యముగా మార్చి, దాని గుండ పోవు కాంతిని యంత్రముచే కొలుచుట దాని రహస్యము. 1960 దశకమున అంతర్జాతీయ నిపుణులు దీనినే ప్రమాణముగా నిర్ణయించిరి. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతలు గీచినది: నూరు మిల్లీలీటర్ల రక్తమునకు స్త్రీకి 12 గ్రాములు, గర్భిణికిని ఆరేండ్లలోపు బిడ్డకును 11 గ్రాములు. అంతకు తగ్గినచో రక్తహీనత. కాని ఈ పద్ధతికి ఖచ్చితమైన పిపెట్టు, కాంతిమాపకము, విషము కలిసిన ద్రావణము కావలెను. వీనిని మన్యపు గుడిసె ముందు పరచుట ఎట్లు? అందుచేత కొలిచిన రక్తమును వడపోత కాగితముపై చుక్కగా వేసి, ఆరబెట్టి, ప్రయోగశాలకు పంపు ఉపాయమును మన దేశపు సర్వేలలో వాడిరి.

ఇంతలో 1980 దశకమున స్వీడను దేశమునుండి హెమోక్యూ అను యంత్రము వచ్చెను. చేతిసంచిలో పట్టును. వ్రేలిని పొడిచి, వచ్చిన బిందువును చిన్న ప్లాస్టిక్ పలకకు తాకించినచో అందులోని పొడిమందు రక్తమును తానే మార్చుకొనును. నిమిషములోపల అంకె కనబడును. మన దేశమున 1998–99 నాటి రెండవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దీనితోనే ఇంటింట రక్తము కొలిచినది.

ఇక్కడనే చిక్కు మొదలైనది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున బెరిబెరి పరిశోధన శాఖగా పుట్టి 1958లో నాటి మన రాజధానికి వచ్చినది. 2000 దాటిన తొలి సంవత్సరములలో ఆ సంస్థ పరిశోధకులు ఈ యంత్రమును డ్రాబ్కిన్ పద్ధతితో సరిచూచి, యంత్రము బలమును ఎక్కువగా చూపుచున్నదనిరి. అనగా రోగులు కొందరు లెక్కనుండి జారిపోవుచున్నారని. పిమ్మట పదునైదేండ్లకు ఫిర్యాదు తలక్రిందులైనది. 2015–16 కుటుంబ సర్వేలో వ్రేలి బిందువునుబట్టి అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 58.6 మంది రక్తహీనులుగా తేలిరి. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే చేతి సిరనుండి రక్తము తీసి ప్రయోగశాలలో కొలువగా, ఒకటి మొదలు నాలుగేండ్ల బిడ్డలలో ఆ సంఖ్య 40.5 మాత్రమే. వయస్సులలో కొంత భేదమున్న మాట నిజము. అయినను ఇంత అంతరమునకు అది చాలదు.

తప్పు యంత్రమునందే యున్నదనుట న్యాయము కాదని మా అభిప్రాయము. సిరరక్తము పోసిన ప్రయోగశాలలో అది చాలవరకు నమ్మదగినదే. తప్పు వ్రేలికిని పలకకును నడుమనున్నది. చల్లబడిన చేతినుండి రక్తము రాదు. రానప్పుడు కార్యకర్త వ్రేలిని పిండును. పిండినచో కండలోని నీరు రక్తముతో కలిసి అంకె పడిపోవును. మొదటి బిందువును తుడువకుండ వాడినను, పలకలో గాలిబుడగ నిలిచినను అంకె చెడును. మరియు ఆ పలకల డబ్బా మూత తీసియుంచినచో పొడిమందు చెమ్మగిల్లును. సముద్రపు గాలి తగులు మన కోస్తా గ్రామములలో చెమ్మకు కొదవా?

అర గ్రాము తప్పునకు ఇంత రభస యేల అని శ్రోతలడుగవచ్చును. నూరుగురు స్త్రీలున్న ఊరొకటి ఊహింపుడు. వారిలో పదునైదుగురి రక్తబలము 12కును 12.5కును నడుమ నున్నదనుకొందము. అర గ్రాము తక్కువ చూపు కొలత ఆ పదునైదుగురిని ఒక్క పూటలో రోగులను చేయును. తప్పు ఒకే దిక్కుగా లేక, ఒకసారి ఎక్కువగను ఒకసారి తక్కువగను వచ్చినను చిక్కు తీరదు. గీతకు పైన జనము దట్టముగా, క్రింద పలుచగా ఉన్నచో, క్రిందికి జారువారు పైకి లేచువారికంటె ఎక్కువగుదురు. మనుష్యుల రక్తము మారకయే ఊరి లెక్క మారును.

ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనులు 2015–16లో నూటికి 60, 2019–21లో 58.8. ఈ స్వల్పమైన తగ్గుదల మాత్రల ఫలమా, వ్రేళ్ళను పిండుటలో భేదమా? ఆ అంకెలే చెప్పజాలవు. 1970లో మొదలైన ఇనుము మాత్రల పథకము మొదలుకొని నేటివరకు కోట్ల మాత్రలు పంచితిమి. పని జరిగినదో లేదో చూపవలసిన తక్కెడయే ఊగుచున్నది. దేశమున బిడ్డల సంఖ్య 2019–21లో 67.1కి చేరినప్పుడు వివాదము ముదిరినది. ఆరవ కుటుంబ సర్వేనుండి రక్తహీనత పరీక్షను తొలగించి, సిరరక్తముతో కొలుచు పనిని పోషకాహార సంస్థ నడుపు వేరొక సర్వేకు అప్పగించిరి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు సిరరక్తము, స్వయంచాలక యంత్రము, నిత్య తనిఖీ ఉత్తమమని చెప్పినది. రెండేండ్లలోపు బిడ్డలకు గీతను 10.5కు దించినది.

ఈ మార్పును మేము మెచ్చుకొందుము గాని, ఒక్క మాట. దేశపు లెక్కకు ఏది తగునో గుడిసెలోని గర్భిణికి అదియే తగునని కాదు. శంఖవరము కొండగ్రామమునందలి నెలలు నిండిన స్త్రీ రక్తమును శీతలపేటికలో పట్టణమునకు పంపి, అంకె వచ్చువరకు ఆమెను ఆగుమనలేము. ఏడు గ్రాములున్నదో పదకొండున్నదో ఆ క్షణముననే తెలియవలెను. అందుకు చేతియంత్రము చాలును. అయితే ఆమె చేతిని ముందు వెచ్చజేయవలెను, వ్రేలి ప్రక్కను లోతుగా ఒక్కసారే పొడువవలెను, మొదటి బిందువులను తుడిచివేయవలెను, పిండరాదు, డబ్బా మూత వెంటనే బిగింపవలెను. అంకె అనుమానముగా నున్నచో రెండవ చేతినుండి మరల తీయవలెను. ఇంతకు పట్టు కాలము ఒక్కొక్కరికి అయిదారు నిమిషములు. ఆ కాలమును ఆరోగ్య కార్యకర్తకు ఇచ్చితిమా అన్నదే ప్రశ్న.