ఫిజిక్స్ పరిశోధన ఉద్యోగం: ఇంటర్వ్యూకు ఎలా సిద్ధం కావాలి?

గౌలిపుర నుంచి కొన్ని కిలోమీటర్లు వెళితే చాంద్రాయణగుట్టలో డీఎల్‌ఆర్‌ఎల్ ఉంది. అటు కంచన్‌బాగ్‌లో డీఎంఆర్‌ఎల్, డీఆర్‌డీఎల్ ఉన్నాయి. అన్నీ డీఆర్‌డీఓ ప్రయోగశాలలే. చిన్నప్పటి నుంచి ఆటోలో వెళ్తూ ఆ గోడలు చూస్తూనే ఉన్నాం. లోపల ఉద్యోగం ఎలా వస్తుందన్నది మాత్రం మన ఇళ్లలో చాలామందికి తెలియదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయిపోగానే ఆడపిల్లయితే బీఈడీ, అబ్బాయైతే కంప్యూటర్ కోర్సు, లేదంటే గల్ఫ్ వీసా. మాటలు అక్కడే ఆగిపోతాయి.

మా ఖాలా కూతురు ఇలాంటి ఒక ఇంటర్వ్యూకు వెళ్లింది. నెలరోజులు క్వాంటం మెకానిక్స్ చదివింది. బోర్డు మొదట అడిగింది: "మీ ప్రాజెక్టులో ఈ రీడింగ్‌కు ఎర్రర్ ఎంత?" జవాబు రాలేదు. ఆ తర్వాత వచ్చిన తేలిక ప్రశ్నలకు కూడా నోరు పెగల్లేదు. నేను కామర్స్ చదివినవాణ్ణి. ఆమె చెప్పింది విన్నాక నాకు అర్థమైంది ఒక్కటే: ఓచర్ లేని ఎంట్రీ ఆడిట్‌లో నిలబడదు. బయోడేటాలో రాసిన ప్రతి లైనుకూ మన దగ్గర ఓచర్ ఉండాలి.

దారులు ఏవి?

డీఆర్‌డీఓ ల్యాబ్‌లు జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్) పోస్టులకు అప్పుడప్పుడు వాక్-ఇన్ ఇంటర్వ్యూలు పెడతాయి. సాధారణంగా నెట్ లేదా గేట్ అడుగుతారు. ఇవి తాత్కాలిక పోస్టులు, పర్మనెంట్ చేస్తారన్న హామీ ఉండదు. అయినా పరిశోధన అనుభవం చేతికొస్తుంది. 2023 జనవరి నుంచి కేంద్రం జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలోకు 42,000 ఇస్తోంది.

పీహెచ్‌డీ చేయాలనుకుంటే గోపన్‌పల్లిలో టీఐఎఫ్‌ఆర్ హైదరాబాద్, గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, మన ఉస్మానియా ఉన్నాయి. 1957లో మొదలైన బార్క్ ట్రైనింగ్ స్కూల్ మరో దారి. అక్కడ ఏడాది శిక్షణ పూర్తి చేసినవాళ్లు సైంటిఫిక్ ఆఫీసర్లవుతారు. అర్హత, వయసు, చివరి తేదీ ఏటా మారవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో నమ్మకుండా ఆ సంస్థ వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ చదవండి.

బోర్డు ఏం చూస్తుంది?

మీకెంత గుర్తుందో ముందే రాత పరీక్షలో, మార్కుల్లో తేలిపోయింది. ఇప్పుడు చూసేది మీరు ఆలోచించే తీరు. చేతికి మార్కర్ ఇచ్చి బోర్డు మీద రాయమంటారు. ప్రశ్న డిగ్రీ స్థాయిలో మొదలై, మీ జవాబులోంచే తర్వాతి ప్రశ్న పుడుతుంది.

ఉదాహరణకు పెండ్యులం తీసుకుందాం. పొడవు ఒక మీటరు, ఒక ఊపుకు దాదాపు 2 సెకన్లు. ల్యాబ్‌లో మనం 20 ఊపులు ఎందుకు లెక్కపెడతాం? చాలామంది "మేడం చెప్పారు" అంటారు. అసలు కారణం ఇది. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వస్తుందనుకోండి. ఒక్క ఊపు కొలిస్తే అది 10 శాతం ఎర్రర్. గురుత్వ త్వరణం లెక్కలో టైమ్‌కు వర్గం ఉంటుంది కాబట్టి అక్కడ రెట్టింపై 20 శాతం అవుతుంది. 20 ఊపులకు 40 సెకన్లు. అదే 0.2 సెకను ఇప్పుడు అర శాతమే, ఫలితంలో 1 శాతం.

వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: "ఇంకా మెరుగుపరచాలంటే ముందు ఏం మారుస్తారు?" పొడవును మిల్లీమీటరు వరకు కొలిస్తే అందులో ఎర్రర్ 0.1 శాతమే. కాబట్టి మంచి స్కేలు కొని లాభం లేదు, టైమ్ కొలిచే పద్ధతి మార్చాలి. ఇంతవరకు చెప్పగలిగితే బోర్డు మిమ్మల్ని ప్రయోగం చేసే మనిషిగా చూస్తుంది.

ప్రాజెక్టే మీ సొంత ఇల్లు

ఎక్స్-రే డిఫ్రాక్షన్ చేశానని రాశారా? ఈ ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి.

- మామూలు వెలుతురు వాడకుండా ఎక్స్-రే ఎందుకు? స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరం కొన్ని ఆంగ్‌స్ట్రామ్‌లే. రాగి ట్యూబు ఎక్స్-రే తరంగదైర్ఘ్యం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు, అదే స్థాయి. కంటికి కనిపించే కాంతి 4,000 నుంచి 7,000 ఆంగ్‌స్ట్రామ్‌లు. అది ఇక్కడ పనికిరాదు.
- పీక్ వెడల్పుగా ఎందుకు వచ్చింది? స్ఫటికాలు చాలా చిన్నవి కావచ్చు, లోపల స్ట్రెయిన్ ఉండవచ్చు, మెషిన్ వల్ల కూడా కొంత వెడల్పు వస్తుంది.
- శాంపిల్ మీరే తయారు చేశారా? చేయకపోతే నిజం చెప్పండి. "శాంపిల్ మా సీనియర్ చేశారు, డేటా విశ్లేషణ నాది" అంటే తప్పేం లేదు.

కొన్ని సంఖ్యలు నాలుక చివరే ఉండాలి. గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తి ఎలక్ట్రాన్ వోల్ట్‌లో దాదాపు నలభయ్యో వంతు. సిలికాన్ బ్యాండ్ గ్యాప్ 1.1 ఎలక్ట్రాన్ వోల్ట్. 1240ని నానోమీటర్లలో తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో వస్తుంది.

తెలియని ప్రశ్న వస్తే

"తెలియదు" అనడం నేరం కాదు. ఆ ఒక్క మాటతో ఆగిపోవడమే నష్టం. "ఇది నేను చదవలేదు సార్, కానీ శక్తి నిత్యత్వంతో మొదలుపెట్టి చూస్తాను" అనండి. హింట్ ఇస్తే అందుకోండి, వాదించకండి. ఇంగ్లిష్‌లో మాట తట్టకపోతే సమీకరణం రాయండి, గ్రాఫ్ గీయండి.

ఉర్దూ మీడియం, తెలుగు మీడియం అని తలదించుకోవద్దు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలో చదివిన రజీఉద్దీన్ సిద్దీఖీ జర్మనీలోని లైప్‌జిగ్‌లో డాక్టరేట్ చేశారు. తిరిగొచ్చి ఉస్మానియాలోనే పాఠాలు చెప్పారు.

కాగితాలు ముందే సర్దుకోండి

మన ఇళ్లలో పెద్ద చిక్కు పేరు స్పెల్లింగే. టెన్త్ మెమోలో మహమ్మద్, ఆధార్‌లో ఎండీ, డిగ్రీలో మొహమ్మద్. ఇంటర్వ్యూ రోజు కౌంటర్ దగ్గర ఇది తేలితే పిల్లల ధైర్యం అక్కడే సగం పోతుంది. టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావి ముందుగానే సరిచేయించండి.

ఇంకో సంగతి. బీసీ-ఈ అనేది రాష్ట్ర జాబితా. కేంద్ర సంస్థల్లో రిజర్వేషన్ వర్తించే చోట కేంద్ర ఓబీసీ జాబితానే చూస్తారు. అందులో మీ వర్గం లేకపోతే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి ఆస్తి నిబంధనలు కూడా సరిపోతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయవచ్చు. ముందే మీసేవలో కనుక్కోండి.

డీఆర్‌డీఓ ల్యాబ్‌లలో ఫోన్ లోపలికి రానివ్వరు, గేటు దగ్గర తనిఖీకి టైమ్ పడుతుంది. ఇంటి పక్కనే కదా అని ఆలస్యంగా బయల్దేరవద్దు.

అమ్మీ, అబ్బాలకు ఒక మాట

మీకు ఫిజిక్స్ రాకపోయినా ఇంట్లో బోర్డు పెట్టవచ్చు. రాత్రి భోజనాలయ్యాక పిల్లను కూర్చోబెట్టి, "నువ్వు చేసిన ప్రాజెక్టేమిటో ఐదు నిమిషాల్లో నాకు అర్థమయ్యేలా చెప్పు" అనండి, తెలుగైనా ఉర్దూ అయినా సరే. అర్థం కానిచోట "ఎందుకు?" అని అడగండి. ఆమె తడబడిన చోటే రేపు చదవాల్సిన చోటు.

మా ఖాలా ఇప్పుడు రోజూ అదే చేస్తోంది. పెండ్యులం 20 సార్లు ఎందుకు ఊగాలో ఆమెకు కూడా వచ్చేసింది.