తీసింది చూపలేని పెట్టె

1967లో సోనీ తెచ్చిన తొలి పోర్టాపాక్ వీడియో రికార్డు చేసేది గానీ, తీసింది చూపించలేకపోయేది! టేపు వెనక్కి చుట్టాలంటే చేత్తో పిడి తిప్పాలి. చూడాలంటే ఇంకో డెక్కు వెతుక్కోవాలి. ఈ సంగతి తెలిశాకే న్యూయార్క్ తొలి వీడియో బృందాల తీరు నాకు అర్థమైంది. వాళ్లకు తీయడం సగం పనే. జనాన్ని పోగేసి చూపించడం మిగతా సగం. 1970 మోడల్‌తో తిప్పి చూసుకునే వీలొచ్చినా ఆ అలవాటు పోలేదు.

కళాకారుల దారి వేరు. 1969లో ఫ్రాంక్ జిలెట్, ఐరా ష్నైడర్ తొమ్మిది టీవీలు పేర్చి, చూడవచ్చినవాళ్ల మొహాలనే కొన్ని సెకన్లు ఆలస్యంగా వాళ్లకు చూపించారు. 1971లో వసుల్కా దంపతులు ఓ పాత హోటల్ వంటగదిలో వీడియో వేదిక తెరిచి, దానికి 'ది కిచెన్' అనే పేరు పెట్టారు. రెండేళ్లకు ఆ హోటలే కుప్పకూలింది. వేదిక మాత్రం ఇంకోచోట బతికింది.

నా మనసు మాత్రం వీధుల్లోనే ఉంది. 'పీపుల్స్ వీడియో థియేటర్' వాళ్లు వీధిలో జనాన్ని మాట్లాడించి, ఆ టేపు చూడ్డానికి వాళ్లనే తమ చోటుకు పిలిచేవారు. చూశాక రేగిన వాదనలనూ రికార్డు చేసేవారు.

ఇక న్యూయార్క్‌లోని చైనాటౌన్. జాన్ ఆల్పర్ట్ అప్పట్లో టాక్సీ డ్రైవరు. భార్య కేకో త్సునోతో కలిసి 1972లో డీసీటీవీ అనే వీడియో బృందం పెట్టాడు. పాతబడ్డ పోస్టల్ ట్రక్కులో టీవీలు పెట్టుకుని, వీధి మూల ఆపి, ఆ పేట బడుల గురించీ ఆసుపత్రుల గురించీ తీసినవి వేసేవారు. టికెట్టు కొన్నవాడు సినిమా బాగోకపోయినా హాల్లో కూర్చుంటాడు. కూరగాయల సంచితో ఇంటికెళ్లేవాడికి ఆ మొహమాటం లేదు, విసుగేస్తే నడిచిపోతాడు. ఎక్కడ జనం కదిలిపోతున్నారో కళ్లారా చూస్తూ నేర్చుకున్న ఎడిటింగు అది. 1974లో క్యూబా మీద వాళ్లు తీసిన చిత్రం అమెరికా ప్రజా టీవీ పీబీఎస్‌లో వచ్చింది. 1977లో బ్రూక్లిన్‌లోని కింగ్స్ కౌంటీ ఆసుపత్రి మీద ఇంకోటి.

ఈలోగా 1971లోనే మన్‌హాటన్ కేబుల్‌లో సామాన్య జనం తమ వీడియోలు వేసుకునే చానళ్లు వచ్చాయి. తరవాత క్యాసెట్లు, వీసీఆర్లు. బొమ్మ ఇంట్లోకొచ్చింది, ప్రేక్షకుడు ఒంటరివాడయ్యాడు. చూసినవాడు తీసినవాణ్ని అక్కడికక్కడే నిలదీసే సౌకర్యం పోయింది. నా దృష్టిలో అసలు నష్టం అదే.

బంక పట్టిన ఆనాటి టేపుల్ని ఇప్పుడు గంటల తరబడి సన్నని సెగలో ఉంచి, కాపీ తీసి కాపాడుతున్నారు. మంచి పనే. కానీ వీడియో చరిత్ర రాసేవాళ్లంతా పోర్టాపాక్ పెట్టె గొప్పతనాన్నే పొగుడుతారు. నేనైతే తీసింది చూపలేని దాని లోపానికి ఇంకో నాలుగు మార్కులు ఎక్కువే వేస్తాను.