పాడ్ (ఆల్బమ్)

'పాడ్' అమెరికన్ ఇండీ రాక్ బృందం ది బ్రీడర్స్ తొలి ఆల్బమ్. లండన్‌కు చెందిన 4ఏడీ సంస్థ దీన్ని 1990లో విడుదల చేసింది. బృందానికి ఇది తొలి ఆల్బమే గానీ, వాయించినవారిలో కొత్తవారు లేరు. కిమ్ డీల్ అప్పటికే పిక్సీస్‌లో బేస్ గిటార్ వాద్యకారిణి. టాన్యా డోనెల్లీ థ్రోయింగ్ మ్యూజెస్‌లో గిటార్ వాయించేవారు. బేస్ అందుకున్న జోసెఫీన్ విగ్స్ ఇంగ్లండ్ బృందం ది పర్ఫెక్ట్ డిజాస్టర్ నుంచి వచ్చారు. డ్రమ్స్ వాయించిన బ్రిట్ వాల్‌ఫర్డ్ స్లింట్ సభ్యుడు. ఆల్బమ్‌పై మాత్రం షానన్ డౌటన్ అనే మారుపేరుతో కనిపిస్తాడు. బృందం పేరు కూడా పాతదే. కిమ్, ఆమె కవల సోదరి కెల్లీ ఒహాయోలోని డేటన్‌లో కలిసి పాడుకునే రోజుల్లో పెట్టుకున్న పేరది.

పిక్సీస్ పాటల్లో ఎక్కువ భాగం బ్లాక్ ఫ్రాన్సిస్‌వి, థ్రోయింగ్ మ్యూజెస్ పాటల్లో ఎక్కువ భాగం క్రిస్టిన్ హెర్ష్‌వి. కిమ్, టాన్యాల సొంత పాటలకు అక్కడ చోటు తక్కువ. ఇద్దరూ కలిసి డెమో తయారుచేస్తే 4ఏడీ సహస్థాపకుడు ఐవో వాట్స్-రసెల్ విని డబ్బు పెట్టాడు. మొదటి ఆల్బమ్‌లో కిమ్ పాటలు, రెండోదాంట్లో టాన్యా పాటలు అన్నది ఒప్పందం. ఆ రెండో వంతు రానే లేదు. టాన్యా 1991లో బెల్లీ అనే సొంత బృందం పెట్టుకున్నారు.

రికార్డింగ్ స్కాట్లండ్‌లో, ఎడిన్‌బరోలోని పలేడియం స్టూడియోలో జరిగింది. ఇంజినీరు స్టీవ్ అల్బినీ, పిక్సీస్ 'సర్ఫర్ రోజా'ను రికార్డు చేసినవాడే. బృందం పైజమాల్లోనే వాయించిన రోజులూ ఉన్నాయి. అల్బినీకి మెరుగులు దిద్దడం గిట్టేది కాదు. గదిలో మోగింది మోగినట్టే టేపు మీదికి ఎక్కాలనేవాడు. అందుకే 'పాడ్'లో ఒక్కో వాద్యం చుట్టూ ఖాళీ జాగా వినిపిస్తుంది. డ్రమ్ దెబ్బ పడ్డాక గిటార్ వెంటనే వచ్చి దాన్ని కప్పేయదు. ఆ దెబ్బ గదిలో అణగిపోయేదాకా ఆగుతుంది. ఆల్బమ్‌లో ఉన్న బీటిల్స్ పాట 'హ్యాపీనెస్ ఈజ్ ఎ వార్మ్ గన్'నూ ఇలాగే ఎముకలగూడు మిగిలేలా చెక్కారు. మొత్తం 12 పాటలు, అరగంట నిడివి.

అట్ట బొమ్మ వాన్ ఆలివర్ రూపకల్పన. ఈల్ చేపలను బెల్టులా నడుముకు కట్టుకుని ఆడుతున్న మనిషి కూడా ఆయనే.

నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ తనకు ఇష్టమైన ఆల్బమ్‌లలో 'పాడ్'ను పేర్కొన్నాడు. 1993లో 'ఇన్ యూటెరో' ఆల్బమ్ రికార్డింగ్‌కు నిర్వాణ ఎంచుకున్నది అల్బినీనే. అదే ఏడాది బ్రీడర్స్ రెండో ఆల్బమ్ 'లాస్ట్ స్ప్లాష్' వచ్చింది, అప్పటికి కెల్లీ కూడా బృందంలో చేరారు. అమ్మకాల్లో అది 'పాడ్'ను చాలా వెనక్కి నెట్టింది.