పెంకులే గురువులైన కుమ్మరి

కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశీయులు వాడే మట్టికుండలు సిరికొండ కుమ్మరుల చేతుల్లో తయారవుతాయి. ఆ కుండలు లేనిదే పూజ సాగదు. కాబట్టి కుండ చరిత్ర మనకు పరాయిది కాదు. ఈ సంచికలో మేము మెక్సికో దేశపు ఒక కుమ్మరి కథ చెబుతున్నాము. ఎందుకు చెబుతున్నామో చివరికి మీకే తెలుస్తుంది.

ఆయన పేరు హువాన్ కెసాడా. 1940లో పుట్టాడు. చివావా రాష్ట్రంలోని మాతా ఓర్తిస్ అనే పేద పల్లెలో పెరిగాడు. ఆ పల్లెకు దగ్గరలోనే పాకిమే అనే పురాతన నగరపు శిథిలాలు ఉన్నాయి. 15వ శతాబ్దంలో ఆ నగరం పాడుబడింది. దానితోపాటే అక్కడి రంగుల కుండల విద్య కూడా పోయింది. నేర్పే పెద్దలు ఒక్కరూ మిగలలేదు.

కట్టెల కోసం కొండలకు వెళ్లిన బాల కెసాడాకు పాత కుండ పెంకులు దొరికాయి. అలాంటివి తానూ చేయాలనుకున్నాడు. మట్టి తెచ్చి చేస్తే కుండలు పగిలిపోయేవి. పెంకుల అంచులను పరికించి చూస్తే మట్టిలో ఇసుక రేణువులు కనిపించాయి. లోపం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. పశువుల కాపరిగా, రైల్వే కూలీగా పని చేస్తూనే ఏళ్ల తరబడి ప్రయత్నించాడు. సారె వాడలేదు. అడుగుకు రొట్టెలా తట్టిన మట్టి, దానిపై ఒకే లావుపాటి మట్టిచుట్ట, అంతే. కుంచెకు మనిషి వెంట్రుకలు, కాల్చడానికి ఎండిన పేడ.

1976లో స్పెన్సర్ మెక్కల్లమ్ అనే అమెరికన్ న్యూ మెక్సికోలోని ఒక పాత సామాన్ల దుకాణంలో మూడు కుండలు చూశాడు. వాటిని చేసినవారిని వెతుక్కుంటూ మాతా ఓర్తిస్ చేరాడు. కెసాడా నిశ్చింతగా పని చేసుకునేందుకు డబ్బు సాయం చేశాడు. పేరు బయటి దేశాలకు తెలిసింది.

కెసాడా విద్యను దాచుకోవాలనుకుంటే అది ఆయన ఇంట్లోనే ఉండిపోయేది. ఆయన దాచలేదు. తమ్ముళ్లకు, అక్కచెల్లెళ్లకు, ఆపై ఇరుగుపొరుగు పిల్లలకు నేర్పాడు. తన పనికి నకలు చేయకుండా ఎవరి తీరు వారు పట్టుకోవాలని ప్రోత్సహించాడు. పక్క పేటలో ఫెలిక్స్ ఓర్తిస్ వంటివారు వేరే బాణీ పెంచారు. వందలాది మంది ఆ పనితో బతుకుతున్నారు. 1999లో మెక్సికో ప్రభుత్వం ఆయనకు జాతీయ పురస్కారం ఇచ్చింది. 2022 డిసెంబరులో కన్నుమూశాడు. కుండల పని మాత్రం ఆగలేదు.

ఇప్పుడు మన సంగతి. ఉషేగావ్, కేస్లగూడలలో ఓజాలు మైనం అచ్చుతో ఇత్తడి పోతపోసి మన దేవతా ప్రతిమలు చేస్తారు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు కాగితం కొలిమి రాజేయదు. పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లలు కావాలి.

కెసాడాకు దొరికింది పెంకులు మాత్రమే. మనకు ఇంకా పెద్దలున్నారు. వారి చేతులు ఆడుతున్నాయి, నోరు చెబుతోంది. రేపు మన మనవలు పెంకులను అడిగి తెలుసుకోవలసిన గతి రాకూడదంటే, ఈ రోజే మన పిల్లలను ఆ పెద్దల పక్కన కూర్చోబెడదాం.