జాతకం నుంచి ముహూర్తానికి: ఉత్తర తెలంగాణలో సిజేరియన్ కాన్పు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఒకప్పుడు మరణించిన తల్లి కడుపులోని బిడ్డను దక్కించుకోవడానికి చేసిన కోత, తల్లీబిడ్డలిద్దరినీ బతికించే శస్త్రచికిత్సగా ఎదిగి, నేడు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలోని అనేక ప్రాంతాలలో సాధారణ ప్రసవ పద్ధతిగా మారింది. ఈ మార్పు వెనుక ఉన్న వైద్య, సామాజిక, భాషా పరిణామాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రసవ సమయం మనిషి చేతిలోకి వచ్చిన తర్వాత దానిని నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్నను ముందుంచి, గర్భిణికి ఉండవలసిన అవగాహనను చర్చిస్తుంది.

కీలకపదాలు: కాన్పు, సిజేరియన్, మంత్రసాని, జాతకం, ముహూర్తం, బాసర, ఉత్తర తెలంగాణ.

1. ప్రవేశిక

గోదావరి తీరాన ఉన్న బాసర జ్ఞానసరస్వతీ క్షేత్రం అక్షరాభ్యాసాలకు ప్రసిద్ధి. వసంత పంచమి నాడు పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకున్న తల్లిదండ్రులతో ఆలయ మండపాలు నిండిపోతాయి. బిడ్డ పలక మీద దిద్దే తొలి అక్షరానికి మంచి ఘడియ చూడడం ఈ ప్రాంతంలో తరతరాల ఆచారం. సీమంతం, నామకరణం, అన్నప్రాశన వంటి శుభకార్యాలకూ ముహూర్తం చూస్తారు. ఈ వరుసలో సంప్రదాయం ముహూర్తం పెట్టని ఘట్టం ఒకటుంది. అది పుట్టుక.

దీనికి కారణం స్పష్టమే. మనిషి తలపెట్టి చేసే పనికి ముహూర్తం ఉంటుంది. మనిషి చేతిలో లేని దానికి జాతకం ఉంటుంది. బిడ్డ పుట్టిన ఘడియను గుర్తుపెట్టుకొని, ఆ తర్వాత జాతకం రాయించేవారు. మూల వంటి నక్షత్రాలలో పుట్టాడని భయపడినవారు కూడా శాంతి చేయించేవారే తప్ప పుట్టుకను జరపాలని అనుకోలేదు. అది సాధ్యమూ కాదు. సిజేరియన్ శస్త్రచికిత్స ఈ సరిహద్దును చెరిపివేసింది. జాతకానికి చెందిన ఘట్టం ముహూర్తానికి చెందినదయింది. ఈ పరిణామాన్ని అర్థం చేసుకోవడానికి ఆ శస్త్రచికిత్స చరిత్రను ముందుగా చూడాలి.

2. మరణం నుంచి మనుగడకు

కడుపు కోసి బిడ్డను తీయడం ప్రాచీన భారతీయులకు తెలియని విషయం కాదు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో మూఢగర్భాన్ని గురించిన అధ్యాయం ఉంది. తల్లి మరణించినా కడుపులో కదలిక కనిపిస్తే వెంటనే బిడ్డను వెలికితీయాలని అందులో విధించారు. 12వ శతాబ్దపు జైనాచార్యుడు హేమచంద్రుడి పరిశిష్టపర్వం చెప్పే బిందుసారుడి జననగాథ కూడా ఇటువంటిదే. విషం వల్ల రాణి దుర్ధర మరణించగా, చాణక్యుడు గర్భాన్ని చీల్చి శిశువును తీయించాడని ఆ కథ. రోమన్లకు కూడా మరణించిన గర్భిణిని బిడ్డతో పాటు ఖననం చేయరాదన్న చట్టం ఉండేది. జూలియస్ సీజర్ ఈ విధంగా పుట్టాడన్న ప్రచారం మాత్రం నమ్మదగినది కాదు. అతని తల్లి అరేలియా అతడు పెద్దవాడయ్యేదాకా జీవించే ఉంది.

ఈ ఉదాహరణలన్నిటిలోనూ కోత తల్లి ప్రాణం పోయాక చేసిన పని. బతికున్న తల్లికి కోత పెడితే రక్తస్రావం, చీము ఆమెను బలిగొనేవి. 1876లో ఇటలీలోని పావియాలో ఎదువార్దో పోరో బిడ్డతో పాటు గర్భాశయాన్ని కూడా తొలగించి తల్లిని కాపాడాడు. 1882లో జర్మన్ వైద్యుడు మాక్స్ సేంగర్ గర్భాశయానికి లోపల కుట్లు వేసే పద్ధతిని ప్రతిపాదించాడు. 1926లో మన్రో కెర్ గర్భాశయం కింది భాగంలో అడ్డకోతను ప్రచారంలోకి తెచ్చాడు. క్రిమిరహిత పద్ధతులు, మత్తుమందు, రక్తమార్పిడి, యాంటీబయాటిక్స్ వీటికి తోడైన తర్వాతనే తల్లి, బిడ్డ ఇద్దరూ క్షేమంగా బయటపడడం సాధారణమయింది.

ఈ చరిత్రలో నిజాం రాజ్యానికి కూడా కొంత భాగం ఉంది. 1888, 1889 సంవత్సరాలలో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాదులో జరిగిన క్లోరోఫాం కమిషన్ల పరిశోధనలు ప్రపంచవ్యాప్తంగా చర్చకు దారితీశాయి. వాటి నిర్ణయాలు కొన్ని తరువాతి కాలంలో నిలబడలేదు. అయితే ఆ వాతావరణంలోనే హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తువైద్యంలో తొలి మహిళలలో ఒకరుగా పేరొందారు. రాకుమారి నీలోఫర్ పరిచారిక ఒకరు కాన్పులో మరణించడం, ఆ దుఃఖంతో రాకుమారి పూనుకోగా నెలకొన్న ఆసుపత్రి 1953లో ప్రారంభం కావడం తెలిసినదే. రాజప్రాసాదంలో పనిచేసే స్త్రీకే సకాలంలో వైద్యం అందని రోజులవి. ఇక గోదావరి తీరపు పల్లెలకు కోత కాన్పు అందుబాటులో ఉండే అవకాశమే లేదు.

3. మంత్రసాని నిష్క్రమణ, మారిన క్రియ

ఆ పల్లెలలో పురుడు పోసింది మంత్రసాని. నొప్పులు మొదలయ్యాక గంటల తరబడి పక్కన కూర్చోవడం, నడిపించడం, నడుము రాయడం, ధైర్యం చెప్పడం ఆమె పని. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ పడకపోయినా, గుర్రపువాతం వచ్చినా ఆమె చేయగలిగింది తక్కువ. ప్రసవం స్త్రీకి పునర్జన్మ అన్న మాట అలంకారం కోసం పుట్టింది కాదు. 2005లో మొదలైన జననీ సురక్షా యోజన వంటి పథకాలతో కాన్పు ఇంటి నుంచి ఆసుపత్రికి మారింది. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం ప్రసవాలు ఆసుపత్రులలోనే జరిగాయి. లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు 2014-16లో 81 ఉండగా, 2018-20 నాటికి 43కు తగ్గాయి. ఇది తక్కువ విజయం కాదు.

అయితే ఆసుపత్రికి మారిన కాన్పులో మంత్రసాని స్థానం ఖాళీగానే మిగిలింది. ఆమెకు తెలియని వైద్యం వైద్యురాలికి తెలుసు. ఆమెకు ఉన్న ఓపికకు మాత్రం ఆసుపత్రి వ్యవస్థలో చోటు దొరకలేదు.

ఈ మార్పు భాషలోనూ నమోదయింది. ‘కాన్పు’ అన్న మాట ‘కను’ ధాతువు నుంచి వచ్చింది. ‘కన్నది’, ‘నీళ్లాడింది’, ‘పురుడు పోసుకున్నది’ అన్న వాక్యాలలో కర్త తల్లి. నేడు కరీంనగర్, నిర్మల్ ప్రాంతాలలో బాలింతను చూడవచ్చినవారి మొదటి ప్రశ్న ‘నార్మలా, ఆపరేషనా?’ అన్నది. జవాబు ‘ఆపరేషన్ అయింది’ లేదా ‘ఆపరేషన్ చేసిండ్రు’. ఈ వాక్యంలో తల్లి కర్త కాదు. పని ఆమె మీద జరిగింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖానికి పేరైన ‘కడుపుకోత’ను వార్తాపత్రికలు సిజేరియన్ల వార్తలకు శీర్షికగా వాడడం కూడా ఈ కాలపు పరిణామమే.

4. అంకెలు చెప్పే రెండు కథలు

భారతదేశంలో సిజేరియన్ల వాటా 2005-06లో 8.5 శాతం, 2015-16లో 17.2 శాతం, 2019-21లో 21.5 శాతం. తెలంగాణలో 2015-16లోనే అది 57.7 శాతం; 2019-21 నాటికి 60.7 శాతానికి చేరింది. ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5 శాతం, ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం కోత కాన్పులే. కరీంనగర్ జిల్లాలో మొత్తం ప్రసవాలలోనే ఇది 80 శాతాన్ని దాటింది. జనాభా స్థాయిలో 10 నుంచి 15 శాతానికి మించిన రేటుకు సమర్థన లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో బ్రెజిల్‌లోని ఫోర్తలేజా సమావేశంలో ప్రకటించింది. 10 శాతం దాటిన తర్వాత తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గుతున్నట్లు కనిపించడం లేదని 2015లో వివరించింది. అదే ప్రకటన, లక్ష్యం ఒక అంకెను అందుకోవడం కాదని, అవసరమైన ప్రతి స్త్రీకీ శస్త్రచికిత్స అందించడమని కూడా చెప్పింది.

ఈ రెండో మాట ఉమ్మడి ఆదిలాబాద్‌కు ముఖ్యం. ఆసిఫాబాద్ జిల్లాలో సిజేరియన్ల వాటా 30 శాతానికి లోపే. పైకి ఇది ఆరోగ్యకరంగా కనిపించవచ్చు. కానీ వానాకాలంలో వాగులు పొంగితే గర్భిణిని మంచం మీద మోసుకొని వాగు దాటించవలసి వచ్చే గూడేలు అక్కడ ఉన్నాయి. అక్కడ అడ్డం తిరిగిన బిడ్డకు కావలసింది కోతే. అది సమయానికి అందకపోవడమే ప్రమాదం. గోదావరికి ఒక దిక్కున అవసరానికి మించిన కోత, మరో దిక్కున అవసరానికి అందని కోత. రెండింటిలోనూ భారం మోసేది తల్లి శరీరమే. అందువల్ల సిజేరియన్‌ను మొత్తంగా మెచ్చుకోవడం, మొత్తంగా నిందించడం రెండూ చరిత్రకు న్యాయం చేయవు.

5. ముహూర్తమొక్కటే కారణమా?

కోత కాన్పులు పెరగడానికి ముహూర్తపు పట్టింపును కారణంగా చూపడం పరిపాటి. ఆ పట్టింపు ఉన్నది నిజం. కాని మొత్తం నేరాన్ని పంచాంగం మీద మోపితే మిగిలిన కారణాలు కనుమరుగవుతాయి. సహజ ప్రసవానికి పగలూ రాత్రీ సిబ్బంది కావాలి. కోతకు గంట సమయం చాలు. ఏదైనా జరిగితే దాడి చేస్తారేమో, కేసు పెడతారేమో అన్న వెరపు వైద్యులకు ఉంటుంది. నొప్పుల భయం గర్భిణికీ, ఆమె నొప్పి చూడలేని బాధ తల్లిదండ్రులకూ ఉంటుంది. ప్రైవేటు వైద్యంలో ఆర్థిక లెక్కలు ఎలాగూ ఉన్నాయి. వీటన్నిటికీ మించి, తొలి కాన్పు కోత అయితే మలి కాన్పూ కోతే అన్న అలవాటు పాతుకుపోయింది. ఈ నెల చేసిన తొలి కోత, మూడేళ్ల తర్వాత జరిగే మరో కోతకు ముందుగానే పెట్టిన ముహూర్తం వంటిది.

ఐర్లండ్ వైద్యుడు మైకేల్ రాబ్సన్ 2001లో గర్భిణులను 10 వర్గాలుగా విభజించి, ఏ వర్గంలో కోతలు ఎక్కువగా జరుగుతున్నాయో గుర్తించే పద్ధతిని రూపొందించాడు. తొలిచూలు స్త్రీలకు అనవసరపు కోత తప్పించడమే మొత్తం రేటును తగ్గించే ప్రధాన మార్గమని ఈ విభజన ద్వారా తేటపడుతుంది. తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి 2017లో నర్సులకు మొదలుపెట్టిన 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఈ దిశలో వేసిన అడుగు. మంత్రసాని ఓపికను ఆధునిక వైద్యజ్ఞానంతో కలిపి ఆసుపత్రిలోకి తిరిగి తెచ్చే ప్రయత్నంగా దానిని చూడవచ్చు.

6. గర్భిణికి ఉండవలసిన అవగాహన

ఈ చరిత్ర గర్భిణికి ఇచ్చే మొదటి పాఠం, కోతకు కారణం అడగడం ఆమె హక్కు అని. మాయ గర్భాశయ ద్వారాన్ని మూసివేసినప్పుడు, బిడ్డ అడ్డంగా ఉన్నప్పుడు, బొడ్డుతాడు ముందుగా జారినప్పుడు, బిడ్డ గుండె చప్పుడు ప్రమాదకరంగా తగ్గినప్పుడు, నొప్పులు వస్తున్నా కాన్పు సాగక ఆగిపోయినప్పుడు సిజేరియన్ ప్రాణదాయిని. అటువంటి వేళ మంచి ఘడియ కోసమో, నార్మల్ కావాలన్న పట్టుదలతోనో ఆలస్యం చేయడం తగదు. ఉమ్మనీరు కొంచెం తగ్గిందని, మెడకు పేగు చుట్టుకుందని మాత్రమే చెప్పినప్పుడు మాత్రం ‘ఇప్పుడే ఎందుకు? వేచి ఉంటే ఏమవుతుంది?’ అని అడగవలసి ఉంటుంది. ఈ ప్రశ్నలు ఆపరేషన్ గది ముందు కాక నెలవారీ పరీక్షలలోనే అడగడం మేలు. అత్యవసర స్థితిలో చర్చకు వ్యవధి ఉండదు.

రెండవది కాలం. వైద్యకారణం లేకుండా ముందే నిర్ణయించుకునే సిజేరియన్‌ను 39 వారాలు నిండకముందు చేయరాదన్నది నేటి వైద్య సంప్రదాయం. అంతకు ముందు తీసిన బిడ్డలకు ఊపిరి అందక ప్రత్యేక చికిత్స అవసరమయ్యే అవకాశం ఎక్కువ. గ్రహబలం కోసం జరిపిన పది రోజులు బిడ్డ ఊపిరితిత్తుల బలం నుంచి తీసుకున్నవి కావచ్చు.

మూడవది శరీరం. సిజేరియన్‌లో సాధారణ కాన్పు కంటే రక్తం ఎక్కువగా పోతుంది. తెలంగాణలో సగానికి పైగా గర్భిణులు రక్తహీనతతో ఉన్నారు కనుక ఐరన్ మాత్రలు, రక్తపరీక్ష, అవసరమైతే రక్తం సిద్ధం చేసుకోవడం ముఖ్యం. కోతల సంఖ్య పెరిగేకొద్దీ తర్వాతి గర్భంలో మాయ పాత కోత మచ్చలోకి చొచ్చుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. తొలి కోత తర్వాత సహజ కాన్పు అసాధ్యమేమీ కాదు. తగిన వారిని ఎంచి, అత్యవసర శస్త్రచికిత్స సౌకర్యం ఉన్నచోట ప్రయత్నిస్తే పదిమందిలో ఆరు నుంచి ఎనిమిది మందికి సఫలమవుతుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం స్వల్పమే అయినా ఉంది కాబట్టి, మొదటి ఆపరేషన్ కాగితాలను భద్రపరచి వైద్యురాలికి చూపించడం అవసరం.

చివరిది బాలింత దశ. నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయని, పప్పు పెట్టరాదని కొన్ని ఇళ్లలో కట్టడి ఉంటుంది. వీటికి వైద్య ఆధారం లేదు. నీరు, మాంసకృత్తులు పుండు మానడానికీ, పాలు పడడానికీ అవసరం. వెన్నుకు మత్తు ఇచ్చినప్పుడు తల్లి మెలకువగానే ఉంటుంది కాబట్టి తల్లీబిడ్డలు స్థిమితంగా ఉంటే మొదటి గంటలోనే పాలు పట్టవచ్చు. మర్నాటికి సాయంతో లేచి నడవడం కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది. జ్వరం, కుట్ల దగ్గర చీము, అధిక రక్తస్రావం, కాలి పిక్క వాపు కనిపిస్తే పురిటి స్నానం దాకా, తొట్టెల దాకా ఆగక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

7. ముగింపు

కోత కాన్పు మనిషి సాధించిన గొప్ప విజయాలలో ఒకటి. చనిపోయిన తల్లి నుంచి బిడ్డను తీసే పని నుంచి, ఇద్దరినీ కలిపి ఇంటికి పంపే చికిత్సగా ఎదగడానికి దానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. ఆ విజయం వల్ల పుట్టిన ఘడియ విధి చేతి నుంచి మనుషుల చేతికి వచ్చింది. అయితే ఆ చేతులలో వైద్యుల చేతులు, పురోహితుల చేతులు, అత్తమామల, తల్లిదండ్రుల చేతులు ఉన్నాయి. గర్భిణి చెయ్యి మాత్రం తరచుగా అంగీకారపత్రం మీద సంతకానికే పరిమితమవుతున్నది.

ఆ సంతకానికి ముందు కారణం తెలుసుకొని, ప్రశ్న అడిగి, అవసరమైతే ధైర్యంగా కోతకు ఒప్పుకొని, అవసరం లేకుంటే వేచి ఉండే అవకాశం కరీంనగర్ స్త్రీకి కావాలి. వాగు దాటి ఆ బల్లను సమయానికి చేరే దారి ఆసిఫాబాద్ స్త్రీకి కావాలి. ఆ రెండూ సమకూరిననాడు కాన్పు సహజమైనా, శస్త్రచికిత్స అయినా, ‘ఆమె కన్నది’ అన్న తెలుగు వాక్యంలో తల్లి మళ్లీ కర్త అవుతుంది.