పెండిల్ కొండ

ఇంగ్లండు ఉత్తరభాగమున, లాంకషైర్ మండలమున, పెండిల్ హిల్ అను కొండ యొకటి కలదు. ప్రాచీన కెల్టు భాషలో ‘పెన్’ అనగా కొండ. తరువాత వచ్చిన ఆంగ్లేయులు ఆ యర్థ మెరుగక, దానికి తమ ‘హిల్’ను చేర్చిరి. ఆ రెండును కలిసి ‘పెండిల్’ కాగా, మరల ‘హిల్’ తగిలించిరి. మన మాటలలో ‘కొండ గిరి పర్వత’ మన్నమాట! ఇంత పేరు మోయు దాని యెత్తు 557 మీటర్లు మాత్రమే.

జార్జి ఫాక్సు 1652లో ఈ శిఖర మెక్కి, మహాజనసమూహ మొకటి యేకము కాగలదను దర్శనము పొందెను. క్వేకరు మతశాఖ చరిత్రలో అది ముఖ్యఘట్టము. 1661లో రిచర్డు టౌన్లీ, హెన్రీ పవర్ అనువారు పాదరసపు గొట్టమును ఇచ్చటికి మోసికొనిపోయి, శిఖరమున పాదరసము దిగుటను, గొట్టమున బంధించిన గాలి వ్యాకోచించుటను కొలిచిరి. మరుసటియేట బాయిల్ ప్రకటించిన వాయుసూత్రమునకు ఆ కొలతలు తోడ్పడినవి.

అయినను కొండ పేరు వినగానే జనులకు స్ఫురించునది 1612వ సంవత్సరమే. ఆ మార్చి నెలలో ఆలిజన్ డివైస్ అను బీదపిల్ల త్రోవలో నొక చిల్లర వర్తకుని గుండుసూదులడిగెను. అత డీయలేదు. కొంతసేపటికే కూలబడి, ఒక ప్రక్క చచ్చుబడెను. నేటి వైద్యుడు పక్షవాత మనును. ఆలిజన్ మాత్రము తన శాపమే తగిలినదని తానే నమ్మి, క్షమాపణ వేడెను. మాకు మిక్కిలి జాలి గొలుపునది ఈ విషయమే. మంత్రగత్తెలకు మరణదండన విధించు 1604 నాటి శాసనము సిద్ధముగా నుండెను. న్యాయాధికారి రోజర్ నోవెల్ ఆమె బంధువులను, ఇరుగుపొరుగువారిని చెరబట్టించెను. వృద్ధురాలగు అమ్మమ్మ విచారణకు ముందే లాంకస్టరు కోట చెరలో మరణించెను.

ఆగస్టులో విచారణ జరిగెను. ప్రధానసాక్షి ఆలిజన్ చెల్లెలు జెన్నెట్. వయస్సు సుమారు 9 ఏండ్లు. కూతురు తనకు ప్రతికూలముగా నిలువగా తల్లి కేకలు వేసెను. ఆమెను బయటికి పంపి, పిల్లను బల్లపై నిలువబెట్టి సాక్ష్యము గైకొనిరి. తల్లి, అన్న, అక్క మొదలుగా 10 మందిని ఆగస్టు 20న ఉరితీసిరి. గుమాస్తా థామస్ పాట్సు మరుసటియేట ఆ వృత్తాంతమును గ్రంథముగా వెలువరించెను.

1634లో ఎడ్మండ్ రాబిన్సన్ అను బాలుని మాటపై మరికొందరు పట్టుబడిరి. అంతయు కల్పనయేనని వాడే తరువాత నొప్పుకొనెను. అయినను 1636 నాటి లాంకస్టరు ఖైదీల పట్టికలో కొందరి పేర్లు మిగిలియే యున్నవి. వానిలో నొకటి జెన్నెట్ డివైస్.